సీసానికీ ఒక యాస

ఆషాఢ శుద్ధ తదియ. మకాం: తూర్పు గట్టు, రేవుకు ఎగువ.

పొద్దున్నే ఇంటి మోకాళ్లకు గ్రీజు పెట్టాం. నాలుగింటిలో ఈశాన్యం కాలు మళ్లీ కిర్రుమంటోంది. నా కుడి మోకాలిదీ అదే పాట. ఇంటి లాగ్‌లో ఇంటి సంగతులే రాయాలని దీవుల బోర్డు నిబంధన కనక నా మోకాలి గురించి ఇక్కడితో ఆపుతాను. అసలు ఈ లాగ్ రాయాల్సింది ఇంటి సరంగు, అంటే నా మనవరాలు ఝాన్సీ. ఇల్లు నడపమంటే కొండ అంచున కొంగను నిలబెట్టినట్టు నిలబెడుతుంది. నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం చెయ్యి నొప్పి వస్తుంది. గోదారి మీద లాంచీకి సరంగు ఉన్నట్టే ఈ నల్లలంకలో ఇంటికొక సరంగు. లావా వచ్చేవేళ ఇంటిని లేపి పక్కకు నడిపించేవాళ్లు లేకపోతే ఇల్లూ ఉండదు, లాగ్ రాసే ముసలమ్మా ఉండదు.

అసలు సంగతికి వస్తాను. పప్పు పొయ్యి మీద పెట్టి తాలింపుకు వెల్లుల్లి చితక్కొడుతుంటే ఇల్లు తనంతట తనే కాళ్లు కొంచెం ముడుచుకుంది. నేల అదిరితే అలా చేస్తుంది, పిల్లి లాగ. పైనుంచి ఝాన్సీ కేక వేసింది.

“మామ్మా, నోరు తెరిచింది.”

“ఎవరే?”

“కొండ. తూర్పున.”

గరిటె చేతిలో ఉండగానే మెట్లెక్కాను. నిజమే. తూర్పు వాలులో కొత్త చీలిక, దాంట్లోంచి ఎర్రగా సన్నటి ధార. చిక్కగా ముద్దలుగా కాదు, గంజి వార్చినట్టు పల్చగా. అంత పల్చన అంటే అంత వేడి. అంత వేడి అంటే ఎక్కడో చాలా లోతు. డెబ్బై ఆరేళ్ల గుండె అలా కొట్టుకుంటే డాక్టరుకు చెప్పాలంటారు. నేను చెప్పను.

పప్పు మాడింది.

ఈ ధార కోసం ఎనిమిదేళ్లు కాచుకున్నాం. ఈ ఎనిమిదేళ్లూ కొండ మూలిగిందే గానీ కొత్తగా ఏమీ కక్కలేదు. కరెంటిచ్చే వేడిబావులు గోరువెచ్చనవుతున్నాయి. కొడుకూ కోడలూ రేవులో వాటితో కుస్తీ పడి ఇంటికి వచ్చే తీరిక లేక అక్కడే పడుకుంటున్నారు. పడమటి గట్టును సముద్రం కొరుక్కు తింటోంది. కొండకు అడుగునుంచి సరుకు రావడం ఆగిపోయిందని బోర్డు అనుమానం. కొత్త నోరు తెరిచినప్పుడు ఆ రాయిని పరీక్షించి తేల్చేద్దామని పోయిన ఏడే తీర్మానం చేశారు. రాయి లోతుల్లోంచి వచ్చిందా, మేం ఉంటాం. పైపై పొరల్లోంచి వచ్చిందా, లంక ఖాళీ. ఇళ్ల కాళ్లు కోసి తుక్కుకు వేస్తారు, ఒక్కో కుటుంబాన్ని ఒక్కో నగరంలో టవరెక్కిస్తారు. ఒకసారి మా గోదారి లంక మునిగితే లేచి సముద్రం దాటి వచ్చినవాళ్లం. అప్పుడు ఊరు ఊరంతా కలిసి లేచాం. ఈసారి విడదీస్తారు.

విశాఖలో భూరసాయనం చదివి, రాళ్ల పుట్టుక చెప్పడానికే జీతం తీసుకున్నదాన్ని. పరీక్షశాల తాళం ఇప్పటికీ నా కొంగునే ఉంది. కనక ఈ రాయి నాది.

పంచమి. మకాం: కొత్త నోటికి దిగువ, పాత లావా గట్టు మీద.

ఇంటిని ధారకు ఎంత దగ్గరకు తీసుకెళ్లొచ్చో ఝాన్సీకి తెలుసు. అంతకంటే నాలుగడుగులు ఎక్కువే తీసుకెళ్లింది. ఎవరి పోలికో. వెండి పూత కోటు తొడుక్కుని, పొడుగాటి ఇనప గరిటె పట్టుకుని దిగాను. గరిటెను ధారలో ముంచి తీసి, బకెట్టు నీళ్లలో తోశాను. బకెట్టు అరిచినంత పని చేసింది.

చల్లారాక విరగ్గొట్టి చూస్తే నల్లరాతి నిండా పచ్చటి గింజలు, పెసలు చల్లినట్టు. ఆలివిన్. అంత పెద్ద గింజల్ని నా సర్వీసులో మూడుసార్లే చూశాను. ఈ గింజ లోతులో కట్టుకుంటుంది, కట్టుకునేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని పిసరంత లోపల మూసేసుకుంటుంది. ఆ గాలి భూమి పుట్టిననాటిది కావచ్చు. చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను. ఝాన్సీ పైనుంచి, “మామ్మా, చెప్పుల అడుగు కరుగుతోంది, చూసుకో,” అనేదాకా.

రాతిని దంచడం మా దగ్గర ఆడవాళ్ల వంతు. ఇనప యంత్రంలో వేస్తే ఇనుము అంటుకుని రాయి తన మాట తాను చెప్పదు. అందుకని అగేటు రాతితో చేసిన రోలు ఒకటుంది. సాయంత్రం దాన్ని నేను ఆమ్లంతో కడిగిపెడితే, పొద్దున్న వంతు ఉన్నావిడ వచ్చి దంచుతుంది. ఈసారి వంతు చింతాలమ్మ వదినది. నా వియ్యపురాలు, ఝాన్సీకి అమ్మమ్మ. ఇల్లు మా పక్కనే. మేం ఎక్కడికి నడిస్తే అక్కడికి నడిచొచ్చి పక్కనే కూర్చుంటుంది. డెబ్బై నాలుగేళ్లొచ్చినా సరంగు పని ఇంకొకరికి ఇవ్వలేదు. ఒకే లంకలో పుట్టి పెరిగినవాళ్లం గనక మా మధ్య గార్లూ మీరులూ లేవు.

రాయిని ఎగాదిగా చూసింది.

“ఏంటొదినా, పెసరట్టు పిండిలో బొగ్గు కలిపినట్టుంది?”

“మూడు వేల కిలోమీటర్ల లోతు నుంచి వచ్చిందేమో అది. కాస్త మర్యాదగా మాట్లాడు.”

“అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి కాళ్లకు నీళ్లిచ్చావా మరి?”

“బకెట్టులో ముంచాను.”

“నీ మర్యాదలు మా అమ్మాయి పెళ్లిలోనే చూశాలే,” అంది, పమిట దోపుకుంటూ.

రేపు పొద్దున్న దంచుతుంది.

నవమి. మకాం: తూర్పు గట్టు.

బోర్డు నౌక వచ్చింది. దిగినాయన డాక్టర్ సొలొమోను. నలభై దాటి ఉండవు. ఇస్త్రీ చొక్కా, మెల్లటి మాట. అబద్ధం చెప్పడం చేతకాని మొహం. మంచివాడని చూడగానే తెలిసింది. అదే భయం. మంచివాడు కాకపోతే పోట్లాడి గెలవొచ్చు.

ఇద్దరం కలిసే యంత్రం ముందు కూర్చున్నాం. సీసం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, రేపు ఈ లాగ్ చదివే గుమాస్తా కోసం. రాళ్లలో యురేనియం ఉంటుంది, అది యుగాల తరబడి మెల్లగా సీసంగా మారుతుంది. ఎక్కడ, ఎంతకాలం, ఎంత యురేనియం పక్కన కాపురం చేసిందన్నదాన్ని బట్టి ఆ సీసంలో రకాల పాళ్లు మారతాయి. మనిషి ఏ సీమలో పెరిగాడో యాస చెప్పేస్తుందే, అలాగ. ‘ఆయ్’ అన్నవాడిని ఏ ఊరని అడగక్కర్లేదు కదా. సీసానికీ అంతే.

మా రాతిలో సీసం మాట్లాడింది. ముసలి యాస. దాదాపు నూట ఎనభై కోట్ల ఏళ్ల కిందట యురేనియంతో తెగతెంపులు చేసుకున్న సీసం. అటువంటిది లోతుల్లో ఉండదు, పాత ఖండాల్లో ఉంటుంది.

సొలొమోను గారు కళ్లజోడు తీశాడు.

“మేడమ్, ఈ దీవి కింద పాత ఖండం ముక్క ఒకటి ఇరుక్కుని ఉందని ముందునుంచీ అనుమానం ఉంది కదండీ. అడుగునుంచి కొత్త సరుకు రావడం లేదు. మిగిలిన కాస్తా ఆ ముక్కను కరిగించుకుంటూ పైకి వచ్చింది. సీసం పాలు కూడా ఎక్కువే, ఖండపు రాళ్లలో లాగే.”

“అంటే?”

“మిగిలిపోయిన నిప్పండి. నాలుగైదేళ్లు.”

“గింజల్లో మూసుకున్న గాలి ఉందిగా, అందులో హీలియం చూద్దాం. మీ నౌకలో యంత్రం ఉందిగా.”

“సీసంలో నెగ్గితేనే హీలియం దాకా వెళ్లమని బోర్డు నిబంధన. ఆ గాలి కొలవాలంటే ఖర్చు…” సగంలో ఆపేశాడు. “పౌర్ణమికి నౌక బయల్దేరాలి. నేను నివేదిక తీసుకెళ్తే అదే ఆఖరి మాట.”

 ఇళ్లన్నీ కాళ్లు ముడుచుకుని కూర్చున్నాయి. ఝాన్సీ మా ఇంటి ఈశాన్యం కాలి మరలు విప్పి ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ బిగించింది. ఎందుకే అంటే, “కోసేటప్పుడు కూడా శుభ్రంగా ఉండాలిగా,” అంది. ఈ పిల్లకు ఏ టవర్లో ఏ ఉద్యోగమిస్తారు. లిఫ్టు నడపమంటారు కాబోలు.

దశమి. అదే మకాం.

పొద్దున్న లేస్తూనే నాకు కోపం వచ్చింది. సాధారణంగా కాఫీ తర్వాత వస్తుంది.

ఎందుకంటే స్ట్రాన్షియం. అదీ సీసం లాంటి సాక్షే. ఖండం ముక్క కరిగి కలిస్తే సీసం ఒక్కటే మారి ఊరుకోదు, స్ట్రాన్షియమూ మారాలి, ఇసుక పాలూ పెరగాలి, లావా చిక్కబడాలి. ఇక్కడ స్ట్రాన్షియం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. లావా గంజిలా పారింది. పచ్చ గింజలు పెసలంత ఉన్నాయి. ఇంట్లో నలుగురున్నారనుకోండి. ముగ్గురు ‘వాన రాలేదు’ అంటారు, నాలుగోవాడు తడిసి వస్తాడు. వాన వచ్చిందని కాదు, వాణ్ని ఎవరో నీళ్లతో కొట్టారని అర్థం.

అదే చెప్పాను సొలొమోను గారితో, కాస్త పెద్ద గొంతుతో.

ఆయన ఓపిగ్గా విన్నాడు. “రాయి వేయకుండా ఉత్త ఆమ్లంతో చేసిన పరీక్ష శుభ్రంగా వచ్చింది మేడమ్. గాజు సామాను శుభ్రం, ఆమ్లం శుభ్రం, గాలి శుభ్రం. సీసం ఎక్కడినుంచి అంటుకుంటుంది?” తర్వాత నేల చూస్తూ, “ఒకమాట అంటే ఏమీ అనుకోకండి. మీరు కోరుకున్న జవాబు కోసం వెతుకుతున్నారేమో.”

అనుకోవద్దన్నాడు, నేను అనుకున్నాను. ఎందుకంటే నిజమే, కోరుకుంటున్నాను. ఇన్నేళ్లు విద్యార్థుల నెత్తిన ఇదే మాట మొట్టాను: రాయి నీ చుట్టం కాదు, నీకోసం అబద్ధం చెప్పదు. ఇప్పుడు అది నాకే తగిలింది. అయినా స్ట్రాన్షియం కూడా నా చుట్టం కాదుగా. అదెందుకు నా వైపు మాట్లాడుతోంది?

పగలంతా పరీక్షశాల వెతికాను. గోడల రంగు, పైపుల అతుకులు, తలుపు బందులు, నా ముక్కుపుడక. ఎక్కడా లేదు. చింతాలమ్మ వదిన గుమ్మంలో నిలబడి, “ఏం పోయిందొదినా?” అంది.

“సీసం.”

“పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందాంలే. సీసాలకేం కరువు.”

తలుపు వేసుకున్నాను.

ఏకాదశి. మకాం అదే. ఈ పూట సంతోషంతో గబగబా రాస్తున్నాను. దస్తూరీ క్షమించాలి.

తిట్టినవాడిని టిఫినుకు పిలవడం మా లంక పద్ధతి. సొలొమోను గారిని పిలిచాను. ఉప్మా తింటూ ఆ సీసం అంకెలు ఎదురుగా పెట్టుకున్నాడు, పాపం ఆయనకీ నిద్ర లేనట్టుంది. ఉన్నట్టుండి చెంచా ఆగింది.

“ఈ పాళ్లు నేనింతకు ముందు చూశానండీ.”

“ఎక్కడ?”

“నవ్వొద్దు. మా ఊళ్లో. మాది పల్నాడు. మా తాత అక్కడి కొండల్లో పాత సీసపు గనిలో పనిచేసేవాడు. చదువుకునే రోజుల్లో సరదాకని మా బావి నీళ్లు పరీక్ష చేశా. అట్టనే ఉంది, అచ్చం. రెండో దశాంశం దాకా.” ఆ ‘అట్టనే’లో ఇస్త్రీ నలిగి అసలు మనిషి బయటికి వచ్చాడు.

“అయితే మీ పల్నాటి సీసం హిందూ మహాసముద్రం అడుగున ఈదుకుంటూ మా కొండలోకి వచ్చిందంటారా?”

“కాదులెండి. ముసలి రాళ్లన్నీ కాస్త అటూ ఇటూ ఒకేలా…”

“రెండో దశాంశం దాకానా?”

అప్పుడే చింతాలమ్మ వదిన కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టింది. స్టీలు గ్లాసు మీద బొటనవేలి ముద్ర. నారింజ రంగు. నూనె మెరుపు.

నేను ఆ గ్లాసునే చూస్తున్నాను.

“వదినా, ఆ వేలికేంటి?”

“సిందూరం. ఇవాళ ఏకాదశి కదా.”

“ఎక్కడి సిందూరం?”

“అదేంటొదినా, మన లంక ఆంజనేయస్వామిది. నీళ్లొచ్చిన రోజు పూజారిగారు తలా కాస్త పంచలేదూ? మీవాళ్లు పారేసుకున్నారు, నేను డబ్బాలో దాచుకున్నాను.”

“దేనికి పెట్టావు?”

“మా గుమ్మానికి. మా ఇంటి నాలుగు కాళ్లకి. మా రోలుకి.” కొంచెం ఆగింది. “మొన్న నీ రోలుకి కూడా.”

సొలొమోను గారు నోటిదాకా తీసుకెళ్లిన గ్లాసును చాలా జాగ్రత్తగా కిందపెట్టాడు.

పాత కాలపు సిందూరమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. కాల్చిన సీసం, నూనెలో కలిపింది. ఆ సీసం ఏ గనిదో కూడా ఎదురుగా కాగితం మీద రాసి ఉంది. ఉత్త ఆమ్లం రోట్లో పడదు కదా. దంచేది రాతిని. అందుకే ఆ పరీక్ష శుభ్రంగా వచ్చింది, రాయి మైలపడింది.

“రోలుకు బయటే కదా పెట్టావు?” నా గొంతులో ఆశ ఎటు వైపో నాకే తెలియలేదు.

“లోపల అంచు చుట్టూ రాశాను. ఎనిమిదేళ్లకు కొండ నోరు తెరిచింది. మంచిమాట పలకాలని. ఎప్పుడూ కుంకుమే పెట్టేదాన్ని, బయటే. ఈసారి మామూలు సంగతి కాదని స్వామిని దింపాను.” మా మొహాలు చూసింది. “ఏం? తప్పా?”

  సొలొమోను గారే చెప్పాడు, మెత్తగా.  వదిన వేలు పమిటకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

“అయితే మనల్ని తోలేసింది నేనా?”

“తోలనివ్వం,” అన్నాను. “ముందు ఆ డబ్బా ఇలా ఇవ్వు. వంటింట్లో పెట్టకు. అది ఒంట్లోకి పోతే బుద్ధి మందగిస్తుంది.”

“అదే అయ్యుంటుంది,” అంది, కళ్లు తుడుచుకుంటూనే. “లేకపోతే మీ ఇంటికి పిల్లనిస్తానా.”

సొలొమోను గారికి ఉప్మా కొరబోయింది.

కానీ ఆయన ఆయనే. ఊహను నివేదికలో రాయనన్నాడు. ఆ రాయి అంతా పొడి అయిపోయింది. కొత్త రాయి కావాలి, శుభ్రమైన రోట్లో, ఆయన కళ్లముందు. సీసం మారితే హీలియం తనే చేస్తానన్నాడు, ఖర్చు ఎవరు అడిగినా తన పేరు చెప్పమన్నాడు. పౌర్ణమిలోగా.

ద్వాదశి. మకాం: చెప్పడం కష్టం. నోటి అంచున, వదిన ఇంటి భుజం మీద.

కొత్త నోరు ఇప్పుడు నోరు కాదు, ఎత్తేసిన ఆనకట్ట గేటు. రెండు రోజుల్లో ధార నదయింది. మొన్న మేం నిలబడిన గట్టు ఇప్పుడు దాని కిందే ఉంది. పైనుంచి దిగాలి, నిటారు వాలు. నేనూ, కాగితాల సంచీ గుండెకు హత్తుకున్న సొలొమోను గారూ, సరంగు గదిలో ఝాన్సీ.

సగం దిగాక ఈశాన్యం కాలు పట్టేసింది. ఇల్లు ఒక్కసారి పక్కకు ఒరిగింది. అల్మరాలో గిన్నెలన్నీ నేల మీదికి వచ్చాయి. సొలొమోను గారు పల్నాటి యాసలో దేవుణ్ని పిలిచాడు.

“మామ్మా, కాలు రావట్లేదు. వెనక్కీ పోలేను.”

“గ్రీజు?”

“గ్రీజు కాదు, మర విరిగింది.”

ఎదురుగా ఎర్రటి ఏరు. వేడికి కిటికీ రబ్బరు మెత్తబడుతోంది. నాకు భయమేసిందని రాయాలి. వేసింది. కానీ ఆ ఎరుపులో పచ్చగింజలు మిలమిల మెరవడం కూడా కనిపించింది, అదీ రాయాలి.

అప్పుడు పక్కనుంచి ధబ్బున తగిలింది. చింతాలమ్మ వదిన ఇల్లు. పిలవలేదు, చెప్పలేదు, మా వెనకే దిగి వచ్చింది. మా ఈశాన్యం మూల కింద తన ఇంటి భుజం పెట్టి, కాళ్లు నాలుగూ నేలలో గుచ్చి నిలబడింది. కిటికీలోంచి మొహం పెట్టింది, నుదుటిన చెమట.

“ఒరగమ్మా ఝాన్సీ, నా మీద ఒరుగు. మీ మామ్మ కూడా ఇన్నేళ్లనుంచీ నా మీదే ఒరిగి బతుకుతోంది.”

ఝాన్సీ ఒరిగించింది. ఇల్లు నిలబడింది. నేను నడుముకు తాడు కట్టుకుని, మెట్ల చివరి నుంచి గరిటె చాపి ముంచాను. గరిటె సగం కరిగింది. మిగిలిన సగంలో నాకు కావలసినంత ఉంది.

రెండిళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుని వాలెక్కాయి, బస్సు దిగిన ముసలమ్మల్లాగ.

త్రయోదశి. మకాం: తూర్పు గట్టు.

దంపుడు వంతు చింతాలమ్మ వదినదే. మార్చమని ఆవిడ అడిగింది, నేను మార్చలేదు. టోపీ, తొడుగులు, ముక్కుకు గుడ్డ. రోలును ఈసారి ఆమ్లంతో ఆవిడే కడిగింది. దంచే ముందు చేతులు జోడించి ఊరుకుంది. రోలు అంచు వైపు బొటనవేలు అలవాటుగా ఒకసారి కదిలి ఆగింది. నేను చూడనట్టు నటించాను. సొలొమోను గారూ అదే నటించాడు.

సీసం: కుర్ర యాస. పాత ఖండం వాసనే లేదు. స్ట్రాన్షియం పక్కన చక్కగా సర్దుకుని కూర్చుంది, ఒక ఇంటి పిల్లల్లా.

చతుర్దశి. బోర్డు నౌకలో.

పచ్చ గింజల్ని ఉక్కు గొట్టంలో పెట్టి, లోపల గాలంతా తోడేసి, నలిపారు. పగిలిన ప్రతి గింజా తనలో దాచుకున్నది వదిలింది. దీనికి ఎవరూ బొట్టు పెట్టలేరు, ఎవరి వేలూ అందదు. తెర మీద గీత లేవడం మొదలైంది. లేస్తోంది. నేను కుర్చీలో కూర్చోలేదు. ఝాన్సీ నా మోచెయ్యి పట్టుకుంది, నేను పడతానని కాదు, తను పడకుండా.

తేలిక హీలియం, భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకుని మళ్లీ ఎక్కడా తయారు కానిది, మనం పీల్చే గాలిలో ఉన్న పాలుకు ముప్పై ఎనిమిది రెట్లు.

సొలొమోను గారు మళ్లీ చేశాడు. ముప్పై ఏడున్నర. మూడోసారి చేశాడు. నేను అడ్డం చెప్పలేదు, నేనైనా అదే చేసేదాన్ని. ముప్పై ఎనిమిది.

ఆ గాలి ఇన్ని వందల కోట్ల ఏళ్లు చీకట్లో కాచుకుని ఉంది. ఇంకొన్నాళ్లలో ఆకాశం దాటి వెళ్లిపోతుంది, భూమికి మళ్లీ దొరకదు. మధ్యలో ఒక్క క్షణం మాకు కనబడి, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి పోయింది. అడుగునుంచి. అన్నిటికన్నా అడుగునుంచి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కను నేలనంతా పోసిన పొయ్యే ఇది. ఆ పొంగులో ఒక ధార రాజమండ్రి దాకా పారి గడ్డకట్టింది. మా మునిగిన లంకలో రోళ్లన్నీ ఆ పక్కనే ఉన్న పంగిడి నల్లరాతివి, అంటే ఆ పొంగువే. సముద్రం దాటి ఎక్కడికో వచ్చిపడ్డామనుకున్నాం. వచ్చింది మా రోళ్లు పుట్టిన పొయ్యి దగ్గరికే.

చెబితే వదిన అంది: “మరి నేను బొట్టు పెట్టింది పుట్టింటికేగా.”

పౌర్ణమి. మకాం: తూర్పు గట్టు, ఆఖరి రోజు.

నివేదిక చదివి వినిపించాడు సొలొమోను గారు, సంతకం పెట్టే ముందు. అడుగు సరుకు అందుతోంది, పెరుగుతోంది. లంక ఖాళీ చేయించనక్కర్లేదు. వేడిబావులకు కొత్త చోట్లు చూడాలి.

“ఒక్క గడి మిగిలింది మేడమ్. మొదటి రాతికి సీసం ఎలా అంటిందో కారణం రాయాలి.”

నేను వదిన వైపు చూడకుండా, “స్థానిక ఆచారం అని రాసేయండి,” అన్నాను.

“ఆచారమేంటి, ఆచారం?” వదిన ముందుకొచ్చింది. “చింతాలమ్మ అని రాయండి బాబూ. ఇంటిపేరు పితాని. పెద్ద పెద్ద కాగితాల్లో పేరు పడే హక్కు ఈవిడొక్కదానికేనా?”

రాశాడు. చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో.

నౌక కూత వేసి కదిలేసరికి తూర్పు వాలు రెండుగా చీలింది. అడుగు సరుకు పెరుగుతోందంటే అర్థమిదే మరి. సముద్రం అడుగున మూడు వేల కిలోమీటర్ల లోతు నుంచి బయల్దేరినది మా పెరటి కరివేపాకు కుండీ కోసం ఆగదు. ధార మా గట్టుకే వస్తోంది. ఊరంతా కేకలు, నవ్వులు, గిన్నెల చప్పుడు. ఇళ్లు ఒక్కొక్కటీ దుమ్ము దులుపుకుని లేస్తున్నాయి. ఈశాన్యం కాలికి కొత్త మర వేశారు కొడుకూ కోడలూ. చాలా రోజులకు ఇద్దరూ ఇంట్లో ఉన్నారు, అదీ ఇల్లు నడిచే రోజున. ఝాన్సీ సరంగు గదిలోంచి, “మామ్మా, కూర్చో, కూర్చో,” అంటోంది. ఎవరు కూర్చుంటారు?

పక్కన వదిన ఇల్లు మాకంటే ముందే నాలుగడుగులు వేసింది. కిటికీలోంచి డబ్బా ఊపింది. కొత్త డబ్బా, లోపల పసుపూ సున్నంతో చేసిన కుంకుమ, నేనే పరీక్షించి ఇచ్చాను.

“వదినా, ఈ కొత్తదానికి బొట్టు పెట్టొద్దా?”

“పెట్టు. నేను ఒక గరిటె తీసుకున్నాక.”

“మరి తొందరగా దిగు. అవతల ఇంటి మడమలు కాలుతున్నాయి.”

గరిటె వెతుక్కుంటున్నాను. సగం కరిగిన పాతదే దొరికింది. ఇక లాగ్ ఝాన్సీ రాసుకుంటుంది, లేకపోతే లేదు.